వాన లోటు 8 శాతమే అయినా చేను ఎందుకు వాడిపోయింది?

ప్రశ్న: ఎర్ర ఇసుక నేలలో వేసిన వర్షాధార వేరుశనగ ఊడలు (కాయలు కట్టే కాడలు) నేలలోకి దిగే దశలో చేనంతా మధ్యాహ్నం వాలి, సాయంత్రానికి తేరుకుంటోంది. సీజను వర్షపాతంలో లోటు 8 శాతమే. ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కడం) వల్ల వచ్చిన కరువని కొందరు, తెగులని డీలరు అంటున్నారు. మందు మూడుసార్లు కొట్టాను. రోజువారీ వర్షపాతం పట్టిక పంపుతున్నాను.

జవాబు: ఇది తెగులు కాదు. మొదలుకుళ్ళు, కాండంకుళ్ళు మచ్చలు మచ్చలుగా వస్తాయి. పీకి చూస్తే మొదలు దగ్గర నల్లని బూజు గానీ, తెల్లని దారాలు, ఆవగింజల్లాంటి గుళికలు గానీ కనిపిస్తాయి. చేనంతా ఒకేసారి వాలి సాయంత్రం లేచిందంటే అది నీటి ఎద్దడే. మొక్కను పీకి చూడకుండానే మందు అంటగట్టిన డీలరు మాట విని మూడుసార్లు పిచికారీ చేయడం శుద్ధ దండగ.

కారణం మీ పట్టికలోనే ఉంది. రెండు వానల్లోనే 150 మి.మీ. దాటింది, ఆ తరువాత 23 రోజులపాటు కనీసం 2.5 మి.మీ. వాన ఒక్కటీ లేదు. మీ నేల పై 30 సెం.మీ. పొర పైరుకు ఇవ్వగల నీరు సుమారు 30 మి.మీ.; ఈ దశలో పైరు రోజుకు 4-5 మి.మీ. వాడుకుంటుంది కనుక వారం తిరిగేసరికి తేమ అడుగంటింది, పెద్ద వానల్లోని మిగతా నీరు పారిపోయింది లేదా వేళ్ళ కిందికి దిగిపోయింది. సీజను మొత్తం చూసి కరువు లేదనడం అందుకే తప్పు.

ఎల్ నినో సంగతి ఒక్క ఏడాది లెక్కతో తేలదు. 1997లో అది చాలా బలంగా ఉన్నా దేశంలో నైరుతి వర్షం సాధారణంగానే కురిసింది. 2002లో అంత బలం లేకపోయినా జూలై వాన దాదాపు సగానికి పడిపోయింది. కనీసం 30 ఏళ్ల రోజువారీ లెక్కలు తీసి, ఏ వారంలో ఎన్నిసార్లు ఎంత పొడవైన బెట్ట వచ్చిందో లెక్కించండి. చుట్టుపక్కల వాన కొలిచే కేంద్రాల్లోనూ అదే వారంలో వాన తగ్గితే కారణం రుతుపవనాలది. ఒక్క కేంద్రంలోనే తగ్గితే ముందు అక్కడి వర్షమాపకాన్ని అనుమానించాలి. పక్కన చెట్టు పెరిగినా, మాపకం చోటు మారినా లెక్క తప్పుతుంది.

ఇప్పుడు వీలుంటే తుంపర్లతో 20 మి.మీ. తడి ఇవ్వండి, ఎకరాకు సుమారు 80 వేల లీటర్లు కావాలి. లీటరు నీటికి 20 గ్రా. యూరియా కలిపి, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం సాయంత్రం పిచికారీ చేయండి; ఇందులో మరే మందూ కలపకండి. ఎకరాకు 200 కిలోల జిప్సం ఇంకా వేయకపోతే తేమ వచ్చిన తరువాతే వేయాలి.

చేనులో సొంత వర్షమాపకం పెట్టి రోజూ ఉదయం 8.30కు కొలిచి రాయండి. దాన్ని దగ్గరి చెట్టు ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉంచండి. వచ్చే ఏడాది విత్తే తేదీని 30 ఏళ్ల బెట్టల లెక్క చూశాకే నిర్ణయిద్దాం. ఆ పట్టికలు ముందుగానే పంపండి.