గ్రేట్ డేన్ పక్కన బొచ్చుకుక్కలు: కలిపి పెంచవచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివారు, మొయినాబాద్ దగ్గర 3 ఎకరాల జామతోట. తోటలోనే ఇల్లు, రెండు గేదెలు. ఎప్పటి నుంచో రెండు ఆడ బొచ్చుకుక్కలు పెంచుతున్నాం. ఒకదానికి 9 ఏళ్లు, ఇంకోదానికి 3 ఏళ్లు. చెరి 6 కిలోలు ఉంటాయి. తోటకు కాపలాగా ఉంటుందని మా అబ్బాయి గ్రేట్ డేన్ మగపిల్లను తెచ్చాడు. దానికిప్పుడు 11 నెలలు, 50 కిలోలు దాటింది. చాలా మెత్తని కుక్క. మా మనవరాలు చెవులు పట్టి లాగినా ఏమీ అనదు. కానీ పోయిన వారం అన్నం పెట్టేటప్పుడు చిన్నది గుర్రుమంటే దాని మెడ నోట కరుచుకుంది. మేం అరిస్తే వదిలేసింది. పైకి చిన్న గాటే పడింది గానీ అప్పటి నుంచి ముందుకాలు కుంటుతోంది. మూడింటినీ కలిపి ఉంచవచ్చా? పెద్దదాన్ని ఎవరికైనా ఇచ్చేయాలా? అది బలంగా పెరగాలని గేదెలకు తాగించే కాల్షియం పోస్తున్నాం, మంచిదేనా?
– ఒక రైతు, మొయినాబాద్

జవాబు: ముందు కుంటుతున్నదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిగతావన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు. పెద్ద కుక్క పన్ను దిగినచోట పైకి కనిపించేది ఎప్పుడూ తక్కువే. కుక్క చర్మం వదులుగా ఉండి పంటితో పాటు సాగుతుంది. అందుకే పైన రెండు చిన్న రంధ్రాలే పడతాయి, కింద కండ మాత్రం చీలిపోతుంది. మెడ పట్టినప్పుడు ఊపిరి గొట్టానికీ, అక్కడి నుంచి ముందుకాలికి వెళ్లే నరాలకూ దెబ్బ తగలవచ్చు. వారం గడిచింది కాబట్టి లోపల చీము పట్టి ఉండవచ్చు కూడా. ఎక్స్‌రే తీసి చూడాల్సిందే. మీకు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి అనుకూలం. నగరంలోకి రాగలిగితే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది.

బయల్దేరే ముందు గాటు చుట్టూ వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి. చర్మం కింద చిటపటమన్నట్టు తగిలితే అక్కడ గాలి చేరిందని అర్థం. అప్పుడు గంట కూడా ఆలస్యం చేయకూడదు. చిగుళ్లు పాలిపోయినా, ఊపిరి వేగంగా తీస్తున్నా అంతే. గాటు మీద పసుపు, సున్నం పెట్టకండి. నొప్పి తగ్గుతుందని ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు ముక్క కూడా వేయకండి. అవి కుక్కల పొట్టలో పుండ్లు పుట్టిస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి.

ఇక మీ అసలు ప్రశ్న. మీ గ్రేట్ డేన్ మెత్తనిదన్న మాట నేను నమ్ముతున్నాను. ఆ జాతిలో చాలా కుక్కలు అలాంటివే. మెడ పట్టి కూడా విదిలించకుండా, మీరు అరవగానే వదిలిందంటే చంపాలని పట్టలేదు, బెదిరించడానికే పట్టింది. అయినా నా సలహా మారదు. రెండు వీధికుక్కలు సరిసమానంగా కొట్లాడుకుంటే ఒకదానికి చెవి చిరుగుతుంది, రెండోది పారిపోతుంది, అక్కడితో సరి. ఇక్కడ బరువులో ఎనిమిది రెట్లకు పైగా తేడా ఉంది. మీది ఎదిగేసరికి 60 నుంచి 80 కిలోలు తూగుతుంది. అది కోపంతో కరవనక్కర్లేదు. ఆడుకుంటూ పంజా వేసినా, పరుగున వచ్చి ఆగలేక మీద పడినా చిన్నదాని పక్కటెముకలు విరుగుతాయి. ఇలాంటి గాయాలతో కుక్కను తెచ్చినవాళ్లు చాలామంది చెప్పేది ఒకటే, ‘ఇది ఎప్పుడూ ఏమీ అనేది కాదండీ’ అని. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆ నమ్మకంతోనే చిన్నకుక్కను, పెద్దకుక్కను ఒకచోట వదిలి పొలానికి వెళ్లి ఉంటారు. కాబట్టి దాని స్వభావాన్ని కాకుండా మీరు కట్టే కంచెను నమ్ముకోండి. మనిషి కళ్లముందు లేనప్పుడు అవి కలిసి ఉండకూడదు. పది నిమిషాలకైనా సరే.

ఇంకో సంగతి కూడా మనసులో ఉంచుకోండి. గ్రేట్ డేన్‌ను జర్మనీలో అడవిపందుల వేటకు పెంచారు. వెంటపడి పట్టి నిలిపే గుణం దాని రక్తంలో ఉంది. చిన్నకుక్క కీచుమంటూ పరుగెత్తిందంటే, అప్పటిదాకా దాని పక్కనే పడుకున్న పెద్దకుక్కకు కూడా ఒక్క క్షణం అది తోటి కుక్కలా కాక వేటలా కనిపించవచ్చు. పైగా ఈ జాతి ఒళ్లు ఏడాదిన్నర, రెండేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది, బుద్ధి కుదురుకోవడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. 11 నెలలకు చూసిన స్వభావమే మూడేళ్లకూ ఉంటుందని లెక్క వేసుకోకండి.

గొడవ అన్నం దగ్గర జరిగిందన్నారు కదా, మార్పు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. మూడు గిన్నెలూ మూడు చోట్ల ఉండాలి. ఒకదానికొకటి కనపడని చోట్ల, మధ్యలో మూసిన తలుపుతో. పెద్దదానికి వరండాలో పెడితే చిన్నవాటికి వంటింట్లో పెట్టండి. తినడం అయ్యాక గిన్నెలు తీసి కడిగి పైన పెట్టేశాకే తలుపు తెరవాలి. ఖాళీ గిన్నె కోసం కూడా కుక్కలు కొట్లాడతాయి. బొక్కలు, చర్మపు నములుడు ముక్కలు మూడూ కలిసి ఉన్నప్పుడు అసలు ఇవ్వకండి. మీ చిన్నది గుర్రుమన్నందుకు దాన్ని కొట్టడం, తిట్టడం కూడా వద్దు. గుర్రుమనడం అంటే ‘దగ్గరికి రాకు’ అని చెప్పడం. ఆ అలవాటు మాన్పిస్తే రేపు హెచ్చరిక లేకుండానే కరుస్తుంది, అవతలిది తిరగబడుతుంది.

తర్వాత చోటు. మీకు 3 ఎకరాలుంది, నగరంలో అపార్ట్‌మెంటువాళ్లకు లేని వెసులుబాటు ఇది. ఇంటి ముందు కొంత జాగాకు రాతి కడీలు పాతి, గట్టి జాలీతో అడ్డు కట్టండి. గ్రేట్ డేన్ వెనక కాళ్ల మీద నిలబడితే మనిషంత ఎత్తు ఉంటుంది కాబట్టి 6 అడుగులకు తగ్గకూడదు. ఆ జాలీలో చిన్నవి దూరి అవతలికి పోయే ఒక కంత వదలండి. తరిమినప్పుడు వాటికి అదే రక్ష. అయితే ఆ కంత పెద్దదాని తల పట్టనంత ఇరుకుగా ఉండాలి. తల దూర్చి ఇరుక్కుంటే మెడకు ఉరి పడుతుంది. మీ బొచ్చుకుక్కల ఛాతీ వెడల్పు కొలిచి, అంతకు ఒక వేలెడు ఎక్కువ ఉంచితే చాలు. ఇంట్లో కూడా పెద్దది ఎక్కలేని, దూరలేని మూల ఒకటి వాటికి ఉండాలి. ముఖ్యంగా తొమ్మిదేళ్లదానికి. ఆ వయసులో కీళ్ల నొప్పులుంటాయి, నిద్రలో ఎవరైనా తొక్కితే ఉలిక్కిపడి కరుస్తుంది.

వంతుల పద్ధతి మీలాంటి ఇళ్లలో బాగా నడుస్తుంది. రాత్రి పెద్దది ఆవరణలో తిరుగుతుంది, చిన్నవి ఇంట్లో ఉంటాయి. పొద్దున మీరు పాలు పిండే వేళ చిన్నవి బయటికి వస్తాయి, పెద్దది షెడ్డులో ఉంటుంది. దాని వెంట్రుకలు పొట్టివి, డిసెంబరు చలికి తట్టుకోదు. షెడ్డులో గడ్డి నింపిన గోనెసంచులు మందంగా పరవండి, లేకపోతే మోచేతులు కాయలు కాచి పుండ్లవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు నీడ కోసం, నీళ్ల కోసం కూడా తగాదాలొస్తాయి. నీళ్లు రెండు చోట్ల పెట్టండి. చిన్నవాటి తొట్టి లోతు తక్కువగా ఉండాలి.

మళ్లీ కలపడానికి తొందర వద్దు. చిన్నది పూర్తిగా కోలుకున్నాక మొదట కొన్ని వారాలు జాలీకి అటూ ఇటూ మాత్రమే కలవనివ్వండి. ఆ తర్వాత ఇద్దరు మనుషులు చెరొక కుక్కను పట్టుకుని, మధ్య నాలుగైదు గజాల ఎడంతో తోట గట్టు మీద ఒకే దిక్కుగా నడవండి. ఎదురెదురుగా తేకండి. తాడు బిగపట్టకండి, బిగపడితే కుక్క కూడా బిగుసుకుంటుంది. పెద్దది ఒళ్లు వదులు చేసి, ముందుకాళ్లు చాపి వంగినా, దానంతట అదే కింద పడుకుని చిన్నదాన్ని రానిచ్చినా అది ఆట. తల దించి, చూపు తిప్పకుండా, ఒళ్లు కర్రలా చేసుకుని చప్పుడు లేకుండా అడుగేస్తే అది ఆట కాదు. వెంటనే పేరు పెట్టి పిలిచి పక్కకు మళ్లించండి. పిలిస్తే రావడం, ‘వదులు’ అంటే వదలడం ఈ రెండూ దానికి ఇప్పుడే నేర్పాలి. 80 కిలోలయ్యాక నేర్పుదామంటే మీరు లాగితే అది కదలదు. మొదట్లో దాని మూతికి బుట్ట తొడిగితే మంచిది. నూర్పిడిలో ఎడ్లకు కట్టే చిక్కంలా నోరు తెరవడానికి, నీళ్లు తాగడానికి వీలుండే బుట్ట కొనండి. నోరు బిగించే గుడ్డ పట్టీలు వేస్తే కుక్క రొప్పలేదు, ఎండలో ప్రాణం మీదికి వస్తుంది.

భయంతో చిన్నదాన్ని చేతుల్లోకి ఎత్తుకోవడం అందరూ చేసే పనే, కానీ పెద్దది దాని కోసం మీ మీదికి ఎగురుతుంది, మీరిద్దరూ పడతారు. నిలబడి మధ్యలో అడ్డం రండి, చిన్నదాన్ని కంత వైపు పంపండి. నిజంగా పట్టుకుంటే మెడపట్టీలో చెయ్యి పెట్టకండి. మోటారు పైపుతో మొహం మీద నీళ్లు కొట్టండి, దుప్పటి విసరండి, రేకు డబ్బా మోగించండి. నోట్లో ఉన్న చిన్నదాన్ని మాత్రం లాగొద్దు, లాగితే కండ ఊడొస్తుంది. ఆ గొడవలో మీకు పన్ను తగిలితే పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లండి. సొంత కుక్కే కదా అని ఊరుకోవద్దు. మూడు కుక్కలకూ ఏటా టీకా వేయించండి. జూలై 6న జంతు సంక్రమిత వ్యాధుల దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు.

మీరు అడగలేదు గానీ, చెప్పక తప్పని విషయం ఒకటుంది. మీ చిన్నవి రెండూ ఆడవి, పెద్దది మగది. ఆడకుక్క సుమారు ఆర్నెల్లకోసారి, మూడు వారాల పాటు ఎదకు వస్తుంది. ఆ రోజుల్లో ఎంత మెత్తని మగకుక్కైనా మాట వినదు. అంత బరువు మీద పడితే నడుము విరగవచ్చు. కట్టు నిలిస్తే పిల్లలు తల్లి కటికి మించి పెరిగి కాన్పు కష్టమై తల్లి చనిపోవచ్చు. మూడేళ్లదానికి, దాని కాలు నయమయ్యాక, గర్భసంచి తీయించండి. తొమ్మిదేళ్లదానికి రక్తపరీక్ష చేసి మత్తుకు తట్టుకుంటుందో లేదో డాక్టరు చెబుతారు. ఆపరేషన్లు అయ్యేదాకా ఎద రోజుల్లో పెద్దదాన్ని వేరే ఆవరణలోనే ఉంచండి. మగదానికి ఆపరేషన్ మాత్రం ఎముకలు పూర్తిగా ఎదిగాకే.

కాల్షియం ఈ రోజే ఆపేయండి. భారీ జాతి పిల్లలకు మేలు చేసేది కాదది, కీడు చేస్తుంది. మితిమీరిన కాల్షియంతో ఎముకలు వంకరపోతాయి, కీళ్లు పాడవుతాయి. నొప్పితో ఉన్న కుక్కే చీటికిమాటికి కస్సుమంటుంది, కాబట్టి మీదీ కుంటుతోందేమో, లేవడానికి ఇబ్బంది పడుతోందేమో గమనించండి. భారీ జాతి పిల్లల కోసం చేసిన దాణా రోజుకు రెండు మూడుసార్లు పెట్టండి. కడుపు నిండా తిన్నాక గంటా రెండు గంటలు పరుగులు, ఆటలు వద్దు. పొట్ట ఉబ్బి, కక్కబోయినా ఏమీ రాక, నిలబడలేక తిరుగుతుంటే పొట్ట మెలిపడిందని అనుమానించాలి. వెంటనే ఆపరేషన్ చేయకపోతే గ్రేట్ డేన్ దక్కదు.

పెద్దదాన్ని ఇచ్చేయాలా అన్నారు. జాలీ కట్టి, వంతులు పాటించి, ఇంట్లో ప్రతి ఒక్కరూ తలుపు వేసే అలవాటు చేసుకుంటే ఇవ్వనక్కర్లేదు. మీ మనవరాలు చిన్నపిల్ల, తలుపు తీసి మరచిపోవచ్చు. ఆ గేటు గొళ్లెం ఆమెకు అందని ఎత్తున పెట్టండి. కానీ అది మళ్లీ మెడ పట్టినా, పట్టి విదిలించినా, చిన్నవి మంచం కిందే ఉండిపోయి అన్నానికి కూడా బయటికి రాకపోయినా ఇక కలిపే ప్రయత్నాలు మానుకోండి. అప్పుడు జీవితాంతం వేరుగా ఉంచాలి, అది కుదరకపోతే చిన్నకుక్కలు, పిల్లులు లేని ఇంటికి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు టీకాల పుస్తకంతో పాటు అన్నం దగ్గర జరిగిన సంగతి కూడా దాచకుండా చెప్పండి. ఇంట్లో వేరే కుక్క ఉందని వాళ్లంటే ఇవ్వకండి, ఇంకో ఇల్లు వెతకండి.