గడువు ఎంతో నెట్‌వర్క్‌నే చెప్పనివ్వు

చిరంజీవి బిడ్డకు, హన్మకొండ నుంచి పెద్దబాపు ఆశీస్సులు.

ఎనుమాముల యార్డులో కాంటాల నుంచి తూకాన్ని సర్వర్‌కు పంపే ప్రోగ్రాం నువ్వే రాస్తున్నావని తెలిసి చాలా సంతోషపడ్డాను. కోడ్ మొత్తం చదివాను. బాగుంది. ఒక్క దగ్గర ఆగిపోయాను. జవాబు రాకపోతే 2 సెకన్లకు మళ్లీ పంపాలని రాశావు. ఆ 2 ఎక్కడి నుంచి వచ్చింది?

టైమర్ అయిపోతే మనకు తెలిసేది జవాబు ఇంకా రాలేదని మాత్రమే. ప్యాకెట్, అంటే నువ్వు పంపిన డేటా ముక్క, దారిలో పోయి ఉండొచ్చు. చేరాక జవాబు పోయి ఉండొచ్చు. రెండూ బాగానే ఉండి ఆలస్యంగా నడుస్తుండొచ్చు. ఇందులో ఏది జరిగిందో నీ ప్రోగ్రాంకు తెలియదు.

నువ్వు వాడేది యూడీపీ, అంటే ప్యాకెట్ చేరిందో లేదో చూసుకోకుండా పంపే పద్ధతి. పోయినవాటిని తానే మళ్లీ పంపే టీసీపీ పద్ధతి చేసే లెక్క ఇక్కడ నువ్వే చేసుకోవాలి. ప్రతి జవాబుకూ పట్టిన సమయం కొలువు. సగటు ఒక్కటే చాలదు, సగటు నుంచి ఎంత అటూఇటూ అవుతోందో కూడా పట్టుకోవాలి. సగటు 800 మిల్లీసెకన్లు, తేడా 100 అనుకో. గడువు, అంటే మళ్లీ పంపే ముందు ఆగాల్సిన సమయం, సగటుకు నాలుగింతల తేడా కలిపితే వచ్చేది, 1200. ఇప్పుడొక జవాబు 1120కి వచ్చింది. ముందు తేడా మార్చాలి: పాతదాంట్లో ముప్పావు, కొత్త తేడా (1120 నుంచి 800 తీస్తే) 320లో పావు, మొత్తం 155. తర్వాత సగటు: పాతదాంట్లో ఎనిమిదింట ఏడు వంతులు, కొత్తదాంట్లో ఒక వంతు, మొత్తం 840. కొత్త గడువు 1460. సగటు పెరిగింది 40, గడువు పెరిగింది 260. మిర్చి సీజన్లో యార్డు నిండా ఫోన్లు ఉండి నెట్‌వర్క్ నెమ్మదించినప్పుడు నిన్ను కాపాడేది ఈ తేడా లెక్కే. ఇంకా ఏ కొలతా లేనప్పుడు 1 సెకనుతో మొదలుపెట్టు.

మళ్లీ పంపిన ప్యాకెట్‌కు వచ్చిన జవాబును కొలతలో కలపకు. అది మొదటిదానికో రెండోదానికో తెలియదు కదా.

గడువు దాటిన ప్రతిసారీ దాన్ని రెట్టింపు చెయ్యి. ఇది మర్యాద కోసం చెప్పేది కాదు. 1986 అక్టోబర్‌లో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ పక్కనే ఉన్న యూనివర్సిటీకీ మధ్య సెకనుకు 32 వేల బిట్లు నడిచే దారి 40 బిట్లకు పడిపోయింది. రద్దీ ఉన్న దారిలోకి అవే ప్యాకెట్లను మళ్లీ మళ్లీ తోయడం అందులో పెద్ద కారణం. ఆ ల్యాబ్‌లోనే పనిచేసిన వాన్ జాకబ్సన్ 1988లో ప్రచురించిన పరిష్కారాల్లో నేను పైన చెప్పిన తేడా లెక్క కూడా ఉంది. రెట్టింపుకు తోడు కొంచెం యాదృచ్ఛిక సమయం కలుపు. లేకపోతే కరెంటు పోయి వచ్చాక కాంటాలన్నీ ఒకేసారి మీద పడతాయి.

ప్రతి తూకానికి ఒక నంబర్ ఇవ్వు, మళ్లీ పంపేటప్పుడు అదే నంబర్ ఉండాలి, అప్పుడే రెండోసారి వచ్చినదాన్ని సర్వర్ పక్కన పెట్టగలదు. రైతుకు ఇచ్చే లెక్క చీటీ తక్‌పట్టీలో ఒక బస్తా రెండుసార్లు పడితే రైతు లెక్క తప్పుతుంది, అది మాత్రం నేను ఒప్పుకోను. టైమర్‌కు గోడ గడియారం సమయం, అంటే సిస్టం చూపించే తేదీ, టైం వాడకు, దాన్ని మధ్యలో సరిచేస్తుంటారు. వెనక్కి పోని గడియారం దాదాపు ప్రతి సిస్టంలో ఉంటుంది, అది తీసుకో.

చివరికి ఎన్నిసార్లు పంపినా జవాబు రాకపోతే తూకాన్ని మెమరీ కార్డులో దాచి, స్క్రీన్ మీద "ఇంకా చేరలేదు" అని తెలుగులో చూపించు. కాంటా దగ్గరి మనిషిని టెన్షన్‌లో నిలబెట్టకు. ఇవన్నీ మార్చాక కోడ్ మళ్లీ పంపు, చూస్తాను.

మీ పెద్దబాపు