విరిగిన గిటార్ నట్‌కు బదులు ఎముకతో కొత్తది

ప్రశ్న: నా ఎలక్ట్రిక్ గిటార్‌లో ఫ్రెట్‌బోర్డు పైచివర తీగలు ఆనుకునే ప్లాస్టిక్ నట్ ఒక మూల విరిగింది. లావు తీగ గాడిలోంచి జారిపోతోంది. కొత్తవి రెండు కొని చూస్తే ఒకటి మందంగా, మరొకటి పొట్టిగా ఉంది. ఎముకతో ఇంట్లోనే చేసుకోవచ్చని విన్నాను. చేతిపనిలో పెద్దగా అనుభవం లేని నేను ప్రయత్నించవచ్చా? గిటార్ ఒంటికి గీతలు పడకుండా ఉండే పిక్‌గార్డు రేకు కూడా పగిలింది, తీగలను బిగించే ట్యూనింగ్ కీలు వదులయ్యాయి; వాటి సంగతేమిటి?

జవాబు: నట్ తప్పకుండా మీరే చేసుకోండి. ఏ గిటార్‌కు తగిన నట్‌ను ఆ గిటార్ మీదే కొలిచి అరగదీయవలసి ఉంటుంది గనుక, కొన్న నట్‌కైనా చివరికి ఈ పని తప్పదు. ఫెండర్ కంపెనీ తరహా గిటార్లలో నట్ మందం సుమారు 3.2 మి.మీ. ఉంటే గిబ్సన్ కంపెనీ తరహా వాటిలో 5 మి.మీ.కు దగ్గరగా ఉంటుంది. మీరు కొన్నవి సరిపోకపోవడానికి ఇలాంటి తేడాలే కారణం. విరిగిన నట్‌ను పారేయకండి, మీ కొలతలన్నీ అందులోనే ఉన్నాయి. దాన్ని ఊడదీసే ముందు చుట్టూ ఉన్న వార్నిష్‌ను పదునైన బ్లేడుతో గీయండి. లేకపోతే నట్‌తో పాటు మెడ మీది పూత కూడా పెచ్చులుగా లేస్తుంది.

ఎముక ముక్కను ఉప్పుకాగితం మీద రుద్ది, పాత నట్ కూర్చున్న గాడిలో చేతితో నొక్కితే కదలకుండా కూర్చునేంత వరకు తగ్గించండి. ఎముక పొడిని పీల్చకూడదు కాబట్టి మాస్క్ తప్పనిసరి. తరువాత ఒక పెన్సిల్‌ను నిలువునా సగానికి చీల్చి, చదునైన వైపును ఫ్రెట్ల (ఫ్రెట్‌బోర్డు మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల) మీద ఆనించి, నట్ ముఖం మీద గీత గీయండి. ఫ్రెట్ల ఎత్తును చూపే ఆ గీతే మీకు హద్దు. ఏ తీగ గాడి అడుగూ దాని కిందికి దిగరాదు.

తీగల మధ్య దూరం దగ్గరే చాలామంది పొరబడతారు. సాధారణంగా వాడే సెట్‌లో సన్న తీగ 0.25 మి.మీ., లావు తీగ 1.17 మి.మీ. ఉంటాయి. గాడుల నడిబిందువుల మధ్య సమాన దూరం పెడితే లావు తీగలు ఒకదానికొకటి ఇరుకుగా పడతాయి కాబట్టి, పక్కపక్క తీగల అంచుల మధ్య ఖాళీ సమానంగా ఉండేట్టు గుర్తులు పెట్టుకోవాలి.

గాడులు కోయడానికి ప్రత్యేకమైన ఆకురాళ్లు ఉన్నాయి గానీ ఒక్క నట్ కోసం అవి కొననక్కరలేదు. లావు తీగలకు, గ్యాస్ వెల్డింగ్ నాజిల్‌ను శుభ్రం చేసే గరుకు తీగల సెట్ సరిపోతుంది. సన్న తీగలకు, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే పలుచని ఉక్కు రేకుల సెట్) రేకు అంచున చిన్న పళ్లు కోసుకుంటే అదే రంపంగా పనిచేస్తుంది. గాడి తీగకన్నా రవ్వంత వెడల్పుగా ఉండాలి. ఇరుకైతే శ్రుతి చేసేటప్పుడు తీగ బిగుసుకుని, టింగుమని ఒక్కసారిగా జారుతుంది. గాడి ట్యూనింగ్ కీల వైపు వాలుగా దిగి, ఫ్రెట్‌బోర్డు వైపు అంచు వద్దే తీగ ఆనాలి. ఆ అంచు పల్లమైతే తీగ వెనకెక్కడో ఆని గరగరమంటుంది, శ్రుతీ నిలవదు.

లోతును మాత్రం తొందరపడకుండా, రెండు మూడు సార్లు గీకిన ప్రతిసారీ తీగ బిగించి పరీక్షించాలి. తీగను రెండో, మూడో ఫ్రెట్ల మధ్య నొక్కిపట్టి మొదటి ఫ్రెట్ వైపు చూడండి. తీగకూ ఆ ఫ్రెట్‌కూ మధ్య వెలుతురు సన్నని గీతలా కనిపిస్తే, వేలితో తట్టినప్పుడు చిన్న చప్పుడు వినిపిస్తే, గాడి లోతు సరిపోయినట్టే. ఖాళీ మరీ ఎక్కువైతే మొదటి ఫ్రెట్ల మీద నొక్కడం కష్టమై స్వరం పైకి జరుగుతుంది. అసలు లేకపోతే నొక్కకుండా మీటిన తీగ ఫ్రెట్‌కు తగిలి మోగుతుంది. ఒక గాడి లోతెక్కువైనా పనంతా వృథా కాదు: అదే ఎముక పొడిని ఆ గాడిలో నింపి, ఒక చుక్క సూపర్‌గ్లూ వేసి, గట్టిపడ్డాక మళ్లీ కోయవచ్చు. చివరగా నట్ కింద ఒకటి రెండు చుక్కల జిగురు చాలు, మున్ముందు దాన్ని తీయవలసి రావచ్చు.

ఎముక వల్ల గిటార్ నాదమంతా మారిపోతుందన్న మాటను అంతగా పట్టించుకోకండి. ఫ్రెట్ దగ్గర నొక్కిన తీగ ఆ ఫ్రెట్ నుంచే కంపిస్తుంది కాబట్టి నట్ పదార్థం ప్రభావం ముఖ్యంగా నొక్కని తీగలకే పరిమితం. ఎముకను నేను ఇష్టపడేది అది నెమ్మదిగా అరుగుతుందని, ఆకురాయికి చక్కగా లొంగుతుందని.

పిక్‌గార్డు ఇంకా సులువు. పాతదాన్నే అచ్చుగా పెట్టి సుమారు 2.3 మి.మీ. ప్లాస్టిక్ రేకు మీద గీసి, సన్న రంపంతో నెమ్మదిగా కోయండి. వేగంగా తిరిగే యంత్రంతో కోస్తే ప్లాస్టిక్ కరిగి అతుక్కుంటుంది. పాతదాని వెనుక రాగి లేదా అల్యూమినియం రేకు ఉంటే కొత్తదానికీ అంటించండి, ఆ రేకే చుట్టుపక్కల విద్యుత్ పరికరాల రొదను అడ్డుకుంటుంది. ట్యూనింగ్ కీలను మాత్రం ఇంట్లో చేయబోకండి. ముందు పైకి కనిపించే స్క్రూలు, బోల్టు నట్లు బిగించి చూడండి. అప్పటికీ వదులుగానే ఉంటే లోపలి మరచుట్టు, పళ్లచక్రం అరిగినట్టు. వాటి ఖచ్చితత్వం ఇంటి పనిముట్లకు అందదు గనుక, రంధ్రం వ్యాసం, స్క్రూల మధ్య దూరం కొలుచుకుని కొత్తవి కొనుక్కోండి.