మేరీ లూ విలియమ్స్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం చదివాను. జాజ్ పియానో వాయించిన ఒక నల్లజాతి మహిళ గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు చాలా సంతోషం. చాలా చదివావని తెలుస్తోంది, తేదీలు కూడా ఒకటీ అరా తప్ప సరిగ్గానే ఉన్నాయి. కానీ ఒక్క విషయంలో నీతో నాకు పేచీ ఉంది. ఈ ఉత్తరం దానికోసమే.

ఆమె పాఠాలు చెప్పిన సంగతిని ఆఖరి పేరాలో ఒక్క వాక్యంతో సరిపెట్టేశావు. 1977 నుంచి 1981లో చనిపోయేదాకా డ్యూక్ యూనివర్సిటీలో పనిచేసింది అన్నావు, అంతే. రిటైరయ్యాక కాలక్షేపానికి చేరిన ఉద్యోగంలా ఉంది చదువుతుంటే. నన్నడిగితే వ్యాసం అక్కడి నుంచే పుట్టాలి. ఒకరి దగ్గర పట్టుకోవడం, ఇంకొకరి చేతిలో పెట్టడం, ఆమె జీవితమంతా ఇదే పని. వాయించడం, రాయడం, నేర్పడం ఆమెకు మూడు ఉద్యోగాలు కావు.

మొదలే చూడు. 1910లో అట్లాంటాలో పుట్టింది, పిట్స్‌బర్గ్‌లో పెరిగింది అని రాసి వెంటనే బ్యాండ్‌లోకి దూకేశావు. మధ్యలో వాళ్లమ్మ ఏమైంది? ఆవిడ ఆర్గన్ వాయించేది. కాళ్లతో తొక్కుతూ వాయించే రకం, మన నాటకాల లెగ్ హార్మోనియం జాతిదే. పిల్లను ఒళ్లో కూచోబెట్టుకుని వాయిస్తుంటే, ఆ పిల్ల తనే చేతులు చాచి మెట్లు నొక్కింది. అయినా సంగీతం మాస్టారిని పెట్టించడానికి మాత్రం తల్లి ససేమిరా అంది. తను నొటేషన్ చూసి వాయించడం నేర్చుకున్నాక, కాగితం లేకపోతే వాయించలేని స్థితికి వచ్చేసిందట. కూతురికి ఆ గతి పట్టకూడదనుకుంది. మాస్టారికి బదులు, వాయించడం వృత్తిగా ఉన్నవాళ్లను ఇంటికి పిలిపించేది. పిల్ల విని పట్టుకునేది. ముందు చెవి, తర్వాతే కాగితం. ఈ సంగతి నీ పాఠకుడికి మొదటి పేజీలోనే తెలియాలి.

ఆ తర్వాత పియానిస్టు లవీ ఆస్టిన్. ఈమె పేరే నీ వ్యాసంలో లేదు. పిట్స్‌బర్గ్‌లో ఒక థియేటర్‌కి వెళ్లినప్పుడు చిన్న మేరీ లూ ఈమెను చూసింది. స్టేజీ ముందు వాద్యబృందంలో కూచుని, కాలు మీద కాలు వేసుకుని, నోట్లో సిగరెట్‌తో, ఎడమచేత్తో పియానో వాయిస్తూ, కుడిచేత్తో తర్వాతి అంశానికి కావలసిన సంగీతం రాసేస్తోంది! ఎప్పటికైనా నేనూ ఇలా చేస్తాను అనుకుందట ఆ పిల్ల. ముప్పైలలో ఆండీ కర్క్ అనే ఆయన నడిపిన జాజ్ బ్యాండ్‌తో ఊరూరా తిరుగుతున్నప్పుడు అలాగే చేసింది కూడా. ఇలాంటి దృశ్యం చేతిలో ఉండగా నువ్వు ‘మహిళలకు స్ఫూర్తిప్రదాత’ అని ఎందుకు రాశావు? ఆ మాట కొట్టెయ్. లవీ ఆస్టిన్ రెండు చేతులూ చూపించు చాలు.

కర్క్ బ్యాండ్ గురించి రాసినచోట రికార్డుల పేర్లు వరసగా పెట్టావు. వాటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆ బ్యాండ్‌లో చేరిన కొత్తలో ఆమెకు స్వరాలు కాగితం మీద పెట్టడం రాదు. ఆమె వాయించి వినిపిస్తే కర్క్ రాసుకునేవాడు. అలా అతని దగ్గరే రాయడం నేర్చుకుంది. 1936లో రికార్డయిన ‘వాకిన్ అండ్ స్వింగిన్’ దగ్గర ఆగు. అందులో సాక్సఫోన్ల వరసలోకి ఒక ట్రంపెట్‌ను కలిపేసి కొత్త రంగు తీసింది. అందులోనే చిన్న పలుకు ఒకటి ఉంది. దాన్ని విని, ఆ తర్వాత పియానిస్టు థెలోనియస్ మంక్ కట్టిన ‘రిథమ్-ఎ-నింగ్’ విను. ఆ పలుకు మళ్లీ వినబడుతుంది. ఎవరి నుంచి ఎవరికి చేరిందో నువ్వు వాదించక్కర్లేదు, ఆ రెండు రికార్డులూ పక్కపక్కన పెడితే చాలు.

నలభైలలో న్యూయార్క్. రాత్రి కేఫే సొసైటీ అనే నైట్‌క్లబ్బులో వాయించి ఇంటికొచ్చేది. హార్లెమ్‌లో హ్యామిల్టన్ టెరస్ మీద ఆమె అపార్ట్‌మెంట్. మంక్, బడ్ పవెల్, టాడ్ డామరన్, డిజ్జీ గిలెస్పీ లాంటి కుర్ర జాజ్ సంగీతకారులు అక్కడికి చేరేవాళ్లు. కొత్తగా కట్టిన బాణీలు ఆమె పియానో మీద వాయించి వినిపించేవాళ్లు, సలహాలు అడిగేవాళ్లు. బీబాప్ అని తర్వాత పేరు పడిన కొత్తరకం జాజ్‌లో కొంత ఆ గదిలోనే రూపు దిద్దుకుంది. పెద్ద బ్యాండ్లతో డాన్సు సంగీతం వాయించిన తన తోటి స్వింగ్ తరం వాళ్లలో చాలామంది ఈ కుర్రాళ్లను చూసి చిరాకుపడుతుంటే, ఈమె తలుపు తెరిచి పెట్టింది. డ్యూక్‌లో క్లాసు పెట్టడానికి ముప్పై ఏళ్ల ముందే నడిచిన క్లాసు ఇది. దీన్ని నువ్వు ‘స్నేహితులతో సరదాగా’ అని తేల్చేస్తే ఎలా?

‘జోడియాక్ సూట్’ గురించి బాగా రాశావు, అది ఉంచు. పన్నెండు రాశులకు పన్నెండు ముక్కలు, ఒక్కోదాన్నీ ఆ రాశిలో పుట్టిన తెలిసినవాళ్లకు, ఎక్కువగా తోటి సంగీతకారులకు, అంకితం చేసింది. తులారాశి ముక్క మంక్‌కీ, గిలెస్పీకీ, పవెల్‌కీ, ఆర్ట్ టేటమ్‌కీ. మన పాఠకుడు రాశి అనగానే జన్మనక్షత్రం చూస్తాడు కాబట్టి, ఇది పుట్టినతేదీని బట్టి లెక్కించే పాశ్చాత్య పద్ధతి అని అరవాక్యంలో చెప్పు. 1945 డిసెంబర్ 31న న్యూయార్క్ టౌన్ హాల్‌లో వయొలిన్లూ వగైరాతో కలిపి దాన్ని వినిపించడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

సంగీతాన్ని వర్ణించేచోట ‘మంత్రముగ్ధులను చేసే’ లాంటి మాటలు వద్దు, చేతులు ఏం చేస్తున్నాయో రాయి. జాజ్‌కు ఒక మూలమైన బ్లూస్ పాటలో 12 బార్ల (బార్ అంటే తాళంలో ఒక కొలత) ఆవర్తం ఒకటి తిరుగుతూ ఉంటుంది, దాని కింద కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల కట్టలు, ఒక క్రమంలో మారుతూ వచ్చి మళ్లీ మొదటికి చేరతాయి. బ్లూస్‌నే హుషారుగా పియానో మీద వాయించే బూగీవూగీ అయితే నాలుగు దెబ్బల బార్‌లో ఎడమచేయి ఎనిమిది స్వరాలు ఆపకుండా దొర్లిస్తుంది, ఆ పైన కుడిచేయి ప్రతి ఆవర్తానికీ కొత్త మాట చెబుతుంది. 1937లో బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్ కోసం ఆమె రాసిన ‘రోల్ ఎమ్’లో ఈ పనిని బ్యాండ్ మొత్తానికీ పంచింది. మన మనోధర్మంతో పోల్చాలనిపిస్తే పోల్చు, కానీ అక్కడే వదిలెయ్యకు. మన పాటలో రాగం ఒక్క వరసలో సాగుతుంది, అక్కడ ఆ స్వరాల కట్టలు మారుతుంటే వాటి మధ్య దారి వెతుక్కోవాలి. ఈ తేడా చెప్పకపోతే పాఠకుడికి ఆమె గొప్ప అందదు.

1954లో ప్యారిస్‌లో వాయించడం మానేసిన ఘట్టాన్ని నవలలా రాశావు. ఆమె మనసులో ఏం జరిగిందో మనకు తెలిసినట్టు రాయడం నాకు నచ్చలేదు. జరిగింది చెప్పు. 1957లో క్యాథలిక్ మతం తీసుకుంది, కష్టాల్లో ఉన్న సంగీతకారుల కోసం ఫౌండేషన్ పెట్టి, పాత సామాన్ల కొట్టు నడిపింది, అదే ఏడాది న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో గిలెస్పీ బ్యాండ్‌తో మళ్లీ వేదికెక్కింది. అరవైలలో పిట్స్‌బర్గ్‌లో ఒక క్యాథలిక్ హైస్కూల్లో ఆడపిల్లలకు పాఠాలు చెబుతూనే తన మొదటి మాస్ (క్యాథలిక్ చర్చి ప్రార్థనకు కట్టే సంగీతం) రాసింది. ప్రార్థనకు జాజ్ కట్టిన ఆ దారి 1975లో న్యూయార్క్ సెయింట్ ప్యాట్రిక్స్ కెథడ్రల్ దాకా వెళ్లింది.

ఇక డ్యూక్. ఆ యూనివర్సిటీ డిగ్రీ క్లాసుల్లో మొదటి నల్లజాతి విద్యార్థులు చేరింది 1963లో. పద్నాలుగేళ్ల తర్వాత, డిగ్రీ లేని, చెవితో నేర్చుకున్న మనిషి అక్కడే జాజ్ చరిత్ర చెప్పింది, స్టూడెంట్ల బ్యాండ్‌ను నడిపింది. ఆమె చెప్పే చరిత్రకు ఒక చెట్టు బొమ్మ ఉండేది, చిత్రకారుడు డేవిడ్ స్టోన్ మార్టిన్ గీసినది. చెట్టు వేర్లలో బాధ, పైకి స్పిరిచువల్స్ అనే భక్తిపాటలు, రాగ్‌టైమ్, స్వింగ్, బీబాప్. ఎండిన కొమ్మలు కూడా ఉన్నాయి, వాటిలో పాత కట్టుబాట్లు వదిలేసి ప్రయోగాలు చేసే అవాంగార్డ్ జాజ్ ఒకటి. 1977లోనే కార్నెగీ హాల్‌లో అవాంగార్డ్ పియానిస్టు సెసిల్ టేలర్‌తో కలిసి వాయించింది, ఇద్దరికీ పొసగలేదు. కొత్త కుర్రాళ్లకు తలుపు తెరిచిన మనిషే ఇక్కడ తలుపు వేసుకుంది. ఇది దాచకు. ఆమె మీద గౌరవంతో దాచాలనిపిస్తుంది, నాకూ అనిపించేది, కానీ ఆ చెట్టులో ఏది పచ్చగా, ఏది ఎండుగా ఆమెకు కనబడిందో చూస్తేనే ఆమె ఎలాంటి టీచరో అర్థమవుతుంది.

వ్యాసం పొడవు గురించి టెన్షన్ పడకు. అవార్డుల పేరా తీసేస్తే డ్యూక్‌కి చోటు దొరుకుతుంది. దీపావళి లోపు రెండో ప్రతి పంపు. దాంతోపాటు తేదీలన్నీ విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టు, నేను సరిచూస్తాను.

ప్రేమతో,
మీ అత్తయ్య