బ్రెగ్జిట్ వల్ల లండన్ బ్యాంకు ఉద్యోగాలు పోయాయా? నేను చూసినంతలో పెరిగింది కాగితాల పని

బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగడం) వల్ల లండన్ బ్యాంకుల్లో ఉద్యోగాలు నిజంగా పోయాయా, మారిన వీసా నిబంధనలు మన భారతీయులకు ఏమైనా కలిసివచ్చాయా అని అడిగారు. 2014లో టియర్ 2 జనరల్ అనే ఉద్యోగ వీసా మీద వచ్చి, లండన్‌లో బ్యాంకుల పేట అయిన కెనరీ వార్ఫ్‌లోని ఒక బ్యాంకులో ఖాతాదారుల ఒప్పంద పత్రాలు చూసే విభాగంలో పనిచేస్తున్నవాడిని కనుక, ఈ రెండు ప్రశ్నలూ నా బల్ల మీదుగానే నడిచాయి.

పోతాయన్నన్ని ఉద్యోగాలు పోలేదు. 2016 జూన్ 23న ఓటింగు జరిగిన తరువాత కొన్ని నెలలపాటు మా ఆఫీసులో అందరూ రోజుకో అంచనా చదివి బెంబేలెత్తిపోయేవారు. అప్పట్లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అధిపతిగా ఉన్న గ్జేవియర్ రోలే రెండు లక్షలకు పైగా కొలువులకు ముప్పు ఉందని చెప్పారు. పీడబ్ల్యూసీ అనే సలహా సంస్థ లెక్క 70 వేల నుంచి లక్ష. తీరా 2022 నాటికి లండన్ నుంచి ఐరోపాకు తరలిన ఉద్యోగాలు సుమారు 7,000 అని ఈవై అనే మరో సలహా సంస్థ లెక్క తేల్చింది. ఫ్రాంక్‌ఫర్ట్ మరో లండన్ అయిపోతుందని వీడియోలు చేసి, జర్మన్ భాష నేర్చుకోమని మన పిల్లలకు సలహాలు ఇచ్చినవారెవరూ ఈ సంఖ్య వచ్చాక మళ్లీ నోరు విప్పలేదు.

ఉద్యోగాలు పోవడం మాట అటుంచితే, మా విభాగంలో నాలుగేళ్లపాటు మనుషులు చాలలేదు. బ్రిటన్‌లో పుచ్చుకున్న ఒక్క అనుమతితో ఐరోపా సమాఖ్య అంతటా వ్యాపారం చేసుకునే వెసులుబాటు బ్రెగ్జిట్‌తో పోతుందని తెలియగానే (చివరికి 2020 డిసెంబరు 31తో అది ముగిసింది), మా బ్యాంకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్త అనుబంధ సంస్థను పెట్టింది. పేరుకు ఒక బోర్డు కట్టి కూర్చుంటే ఐరోపా కేంద్ర బ్యాంకు ఒప్పుకోదు. నష్టభయాన్ని తూచి నిర్ణయం తీసుకునే మనుషులు కూడా అక్కడే ఉండాలంటుంది. మనుషులు కొద్దిమందే వెళ్లారు గానీ ఒప్పందాలు మాత్రం వేలకు వేలు కదలవలసి వచ్చింది. లండన్ సంస్థ పేరున ఉన్న ప్రతి ఐరోపా ఖాతాదారు పత్రాన్నీ ఫ్రాంక్‌ఫర్ట్ సంస్థ పేరున తిరగరాయాలి. దానితోపాటు వారి కేవైసీ, డైరెక్టర్ల తీర్మానం, సంతకందారుల జాబితా అన్నీ మొదటినుంచి మళ్లీ తెప్పించుకోవాలి. దీనిని మేము రీపేపరింగ్ అనేవాళ్లం. ఇటలీలోని ఒక కుటుంబ కంపెనీ పత్రం సంతకం కోసం మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ తిరిగి వచ్చింది. వెళ్లిన ప్రతిసారీ అక్కడ సంతకం చేయవలసిన మనిషి మారిపోయేవాడు. 2017లో తొమ్మిదిమందిమి ఉన్న బృందం, హైదరాబాదు ఆఫీసులోని సహచరులను కలుపుకొని 2020 వేసవికి నలభై దాటింది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు పోయిందని అందరూ చెప్పుకునే పనిలో చాలా భాగం రాత్రిళ్లు గచ్చిబౌలిలో జరిగిందని నా గట్టి నమ్మకం. దానిని ఎవరూ లెక్కకట్టలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్ వెళతావా అని 2018లో నన్నూ అడిగారు. వెళ్లాలనే ఉంది, కానీ వెళ్లడానికి వీలులేదు. శాశ్వత నివాసానికి అయిదేళ్లు పూర్తి కావడానికి ఏడాది మాత్రమే మిగిలింది. ఏ పన్నెండు నెలల్లోనైనా 180 రోజులకు మించి బ్రిటన్ బయట ఉంటే ఆ అయిదేళ్ల లెక్క తెగిపోతుంది. నా పక్క బల్ల స్పెయిన్ అమ్మాయి ఐరోపా సమాఖ్య పౌరురాలు కనుక ఆమెకు ఈ బాధ లేదు, రెండు సూట్‌కేసులు సర్దుకొని మర్నాడే వెళ్లిపోగలదు, అలాగే వెళ్లిపోయింది. కాబట్టి తరలిన ఆ కొద్దిపాటి కొలువులు మన చేతికి ఎందుకు అందలేదని అడిగేవారికి నా సమాధానం ఇదే: ఆ కొలువుకు చదువు కన్నా ముందు పాస్‌పోర్టు రంగు చూశారు.

ఇక వలస కాగితాల సంగతి. మా ఆఫీసు క్యాంటీనులో గల్లాపెట్టె దగ్గర మదీరా దీవికి చెందిన ఒక పోర్చుగీసావిడ ఉండేది. ఉండేది స్టాక్‌వెల్‌లో, లండన్ వచ్చింది 2002లో. ఐరోపావారు ఇక్కడే ఉండిపోవాలంటే 2021 జూన్ 30లోగా సెటిల్‌మెంట్ స్కీముకు దరఖాస్తు చేసుకోవాలని ప్రకటన వచ్చినప్పుడు, "పదిహేడేళ్లుగా ఇక్కడే ఉన్నాను, నన్ను నేనే అని నిరూపించుకోవడం ఏమిటి" అని ఆవిడకు కోపం వచ్చింది. ఆ కోపం ఎలాంటిదో నాకు తెలుసు, కాకపోతే నేను దానిని చెన్నైలోని వీసా కేంద్రంలోనే దిగమింగి విమానం ఎక్కాను. 2019 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఆవిడ నా దగ్గరకు వచ్చింది. ఆ దరఖాస్తుకు పాస్‌పోర్టును సరిచూసే యాప్ అప్పటికి ఆండ్రాయిడ్‌లో మాత్రమే పనిచేసేది, ఆవిడ చేతిలో ఉన్నదేమో ఐఫోను. నా ఫోను తొడుగు తీసి, ఆవిడ పాస్‌పోర్టును దాని వీపుకు ఆనించి, చిప్పు దొరికేదాకా ముందుకూ వెనక్కూ జరుపుతూ ఇద్దరం గల్లాపెట్టె వెనక ఇరవై నిమిషాలు నిలబడ్డాము. ఆఖరికి దొరికింది.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. జాతీయ బీమా నంబరు (ఇక్కడ ఉద్యోగం, పన్నుల లెక్కకు వాడేది) ఇవ్వగానే ఆన్‌లైన్ దరఖాస్తు ఆవిడ పన్ను రికార్డులు చూసి, మధ్యలో ఖాళీ ఉంది కనుక పూర్తి హోదా కాదు, ప్రీ-సెటిల్డ్ అనే తాత్కాలిక హోదా మాత్రమే ఇస్తానంది. మునుపు పనిచేసిన కాఫీ కొట్టు మూతపడ్డాక ఆవిడ రెండేళ్లపాటు ఇళ్లలో పాచిపని చేసి చేతికి డబ్బు పుచ్చుకుంది, ఆ రెండేళ్లూ పన్ను రికార్డులో ఆవిడ లేదు. కౌన్సిల్ పన్ను (మన ఇంటి పన్ను లాంటిది) బిల్లులన్నీ భర్త పేరున ఉన్నాయి. బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకునే అలవాటు ఆవిడకు ఏనాడూ లేదు. ఏ కాగితం ఎప్పుడు ఎవరు అడుగుతారోనన్న భయం లేకుండా బతికిన మనిషి. మా నాన్నగారు గుడివాడ దగ్గర ఊళ్లో 1970ల నాటి పన్ను రసీదులు, అడంగల్ నకళ్లు రేకుపెట్టెలో పెట్టి తాళం వేసేవారు, ఆ పెట్టె నీడలో పెరిగినవాడిని కనుక నాకు ఈ పని వెన్నతో పెట్టిన విద్య. ఆ ఖాళీకి సరిపడా ఏమేమి దొరుకుతాయో ఆవిడను ప్రశ్నలు వేసి రాబట్టాను. కూతురి బడి నుంచి ఆవిడ పేరున వచ్చిన ఉత్తరాలు, దంతవైద్యుడి దగ్గర కట్టిన బిల్లులు, బ్యాంకు వారిని అడిగి తెప్పించిన పాత స్టేట్‌మెంట్లు, మొత్తం ముప్ఫై ఒక్క కాగితాలు ఫొటోలు తీసి ఎక్కించాము. అయిదు వారాలకు పూర్తి హోదా వచ్చింది.

ఆ దరఖాస్తుకు ఆవిడ కట్టవలసింది ఏమీ లేదు. మొదట పెద్దలకు 65 పౌండ్లు అన్నారు గానీ 2019 జనవరిలో అప్పటి ప్రధాని థెరెసా మే దానిని కూడా ఎత్తివేశారు. అదే ఏడాది నా శాశ్వత నివాసానికి నేను కట్టింది 2,389 పౌండ్లు. ఆవిడ మీద నాకు అసూయ లేదు, కానీ క్యాంటీనులో ఆ అంకె చెప్పినప్పుడు ఆవిడ చిల్లర లెక్కపెట్టడం ఆపి నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

మనవారికి కలిసివచ్చిందా అంటే, కొంతకాలం కలిసివచ్చింది. 2021 జనవరి నుంచి ఇటలీవాడైనా ఇచ్ఛాపురంవాడైనా కొత్తగా వస్తే అదే వరుసలో నిలబడాలి. ముందుగా 28 రోజులు స్థానికుల కోసం ప్రకటన వేయాలన్న నియమం పోయింది, ఏడాదికి 20,700 వీసాలు అన్న పరిమితిని పక్కన పెట్టారు, ఉద్యోగ వీసాకు ఉండవలసిన కనీస వార్షిక జీతం 30,000 పౌండ్ల నుంచి 25,600కు దిగింది. ఆ ఏడాది జూలైలోనే చదువు ముగించినవారికి రెండేళ్లు ఉండి పనిచేసుకునే గ్రాడ్యుయేట్ రూట్ వీసా వచ్చింది. మన కన్సల్టెన్సీలవారు దీనిని శాశ్వతమైన వరంలా అమ్మారు; ఒక్కరైనా ఇది ఎన్నికల గాలికి మారేదని పిల్లలకు చెప్పిన పాపాన పోలేదు. నికర వలస (వచ్చినవారిలోంచి వెళ్లినవారిని తీసేస్తే మిగిలేది) ఏడాదికి 9 లక్షలు దాటగానే గాలి తిరిగింది. 2024 జనవరి నుంచి చాలామంది విద్యార్థులకు భార్యాభర్తలను తెచ్చుకునే వీలు తీసేశారు, ఏప్రిల్‌లో కనీస జీతం 38,700కు, 2025 జూలైలో 41,700కు పెంచారు. అప్పు చేసి 2022లో వచ్చిన కుర్రవాడు చదువు ముగించి ఉద్యోగం వెతుక్కునేసరికి, తాను చూసి వచ్చిన అంకె అక్కడ లేదు.

ఆ పోర్చుగీసావిడకు హోదా వచ్చిన రోజు ఈమెయిలును అచ్చు తీసి ఇవ్వమంది, ఫ్రేము కట్టించుకుంటుందట. ఈ ఉత్తరం హోదాకు రుజువు కాదని అందులోనే రాసి ఉందని చూపిస్తే, చేతికి కార్డు కూడా ఇవ్వరా అని అడిగింది. నా జేబులోని గులాబీరంగు నివాస అనుమతి కార్డు తీసి చూపించి, మాకైతే ఇస్తారని కొంచెం గర్వంగానే చెప్పాను. 2024 డిసెంబరు 31తో ఆ కార్డులకూ కాలం చెల్లింది. ఇల్లు మారడానికి యజమాని షేర్ కోడ్ (హోదాను ఆన్‌లైన్‌లో చూపించే సంకేత సంఖ్య) అడిగితే, అది ఎక్కడ నొక్కితే వస్తుందో తెలియక ఆవిడకే ఫోను చేశాను.