పంటి నొప్పి అంటూ వచ్చినవారికి ఏం ఇవ్వాలి

చిరంజీవి శ్రీనివాస్‌కు మామయ్య ఆశీస్సులు.

మెడికల్ షాపు తెరిచావని అక్కయ్య చెప్పింది, సంతోషం. దవడ పట్టుకుని ఒకాయన వస్తాడు. "పన్ను పోటు బాబూ, పోయినసారి ఇచ్చిన గోలీలే నాలుగు ఇవ్వు" అంటాడు. నీ చెయ్యి కత్తెర మీదికి పోతుంది. అక్కడే ఆగు.

ఆయన అడిగేది అమాక్సిసిలిన్, పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్. పిప్పి పన్నుకు అది ఎందుకు పనికిరాదో నీకు తెలిస్తేనే ఆయనకు నచ్చజెప్పగలవు. పళ్లు పుచ్చడంలో పెద్ద చెయ్యి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియాది. 1924లో క్లార్క్ అనే శాస్త్రవేత్త దీన్ని గుర్తించాడు. మనం తిన్న చక్కెరతోనే జిగురు చేసుకుని పంటికి అంటుకుంటుంది. ఆ చక్కెరనే పులియబెట్టి లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. పీహెచ్ అంటే పులుపు కొలత, అది ఎంత దిగితే పులుపు అంత ఎక్కువ; 5.5 కన్నా దిగితే పంటి పైనుండే గట్టి పొర ఎనామిల్ కరగడం మొదలవుతుంది. అంత పులుపులో తోటి సూక్ష్మజీవులు చాలావరకు డీలా పడతాయి. ఇది మాత్రం లోపలికి చేరిన ఆమ్లాన్ని బయటికి తోడేస్తూ బతికేస్తుంది. విచిత్రమేమిటంటే, ప్రయోగశాలలో విడిగా పెంచితే ఇది సాధారణంగా పెన్సిలిన్‌కు లొంగే రకమే. జిగురు పొరలో కాపురం పెట్టాక అంత తేలిగ్గా లొంగదు. పుచ్చు లోతుకు పోయి నరం చచ్చిందా, ఇక అక్కడికి రక్తమే పోదు. మందు ఎలా పోతుంది?

"మరి పోయినసారి తగ్గిందే" అంటాడు. నరం చచ్చిపోతే నొప్పి కొంతకాలం దానంతటదే తగ్గుతుంది, పేరు గోలీకి వస్తుంది.

పంటిలోకి పోని ఆ మందు ఒళ్లంతా మాత్రం తిరుగుతుంది. నోట్లో, పేగుల్లో దాన్ని తట్టుకున్న సూక్ష్మజీవులే మిగిలి పెరుగుతాయి. నోట్లోని సాధు స్ట్రెప్టోకాకస్‌ల నుంచి పెన్సిలిన్‌ను తట్టుకునే జన్యువుల ముక్కలు న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్‌కు చేరాయని పరిశోధకులు ఏనాడో తేల్చారు.

కాబట్టి కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం, గర్భం ఉన్నాయేమో అడిగి, ఏవీ లేకపోతే ఐబూప్రొఫెన్ ఇవ్వు; ఉంటే పారాసెటమాల్ చాలు. పళ్ల డాక్టరు దగ్గరికి పంపు. పన్ను నింపడమో, రూట్ కెనాలో, పీకడమో ఆయన చూసుకుంటాడు. దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా తెల్లారేదాకా ఆగమనకు, వెంటనే ఆసుపత్రికి పంపించు. యాంటీబయాటిక్ నిజంగా కావలసింది అలాంటివారికే.

డాక్టరు చీటీ లేకుండా అమాక్సిసిలిన్ ఇవ్వకూడదు, అది షెడ్యూల్ హెచ్, అంటే చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితాలోది. "కాస్త గట్టి మందు" అని అడిగే సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ అయితే ఇంకా కట్టుదిట్టమైన హెచ్1 జాబితాలోది. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చావో రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. పక్క షాపులో ఇస్తారంటాడా, వెళ్లనీ. సంక్రాంతికి వచ్చినప్పుడు ముందు ఆ రిజిస్టరే చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య