చాక్లెట్ ఉంటేనే లెక్కలు!

ప్రశ్న: దేవరకొండ దగ్గర ఏడో తరగతికి లెక్కలు చెప్తాను. సరిగ్గా చేస్తే చాక్లెట్ ఇచ్చేదాన్ని. ఇప్పుడు 'టీచర్, ఇయ్యాల చాక్లెట్ ఉందా?' అని అడిగాకే నోట్‌బుక్ తీస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: చాక్లెట్‌తో కాదమ్మా, ముందే ఆశపెట్టడంతోనే తంటా. 1973లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త లెప్పర్ బృందం బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్ని గమనిస్తే, బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించిన పిల్లలు తర్వాత తమంతట తాము గీయడం తగ్గించారు, ముందు చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లలు మాత్రం తగ్గించలేదు. ఒక్కసారే ఆపేస్తే అలుగుతారు, మెల్లగా మాన్పించండి. ఐదు లెక్కలిచ్చి ఏ మూడైనా చేయమనండి. మీ వైపు బత్తాయి తోటలుంటాయి కదా, ఎకరంలో ఎన్ని చెట్లు పడతాయో లెక్కకట్టమనండి. తప్పు చెప్తే వెంటనే దిద్దకుండా 'చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎన్ని అడుగులు అనుకున్నావురా?' అని అడగండి, తోట ఉన్నింటి పిల్లాడు ఊరుకోడు, లేచి వాదిస్తాడు.